ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అధ్యాపకులు దొరకడం లేదా? లోపం ఎక్కడుందో చూడండి

యూనివర్సిటీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ బోధన పోస్టు భర్తీ కాలేదంటే కమిటీ నోట ముందుగా వచ్చే మాట, "ఈ రంగంలో మనుషులు లేరు" అని. చాలాసార్లు మనుషులు ఉంటారు. మనం పిలిచిన తీరు చూసి ముఖం తిప్పుకుంటారు, అంతే. ఇక్కడ చెబుతున్నది పరిశోధన ప్రధానమైన పోస్టుల సంగతి కాదు. పాఠం చెప్పడమే అసలు ఉద్యోగమైన లెక్చరర్, టీచింగ్ ప్రొఫెసర్ వంటి పోస్టుల సంగతి.

సమస్య: దరఖాస్తులు కుప్పలుగా వచ్చాయి, పనికొచ్చేవి లేవు

కారణం ప్రకటనలోనే ఉంటుంది. "కంప్యూటర్ సైన్స్ లేదా సంబంధిత రంగంలో పట్టా" అని రాస్తే కంపైలర్లు, ఇమేజ్ ప్రాసెసింగ్ చదివినవారు వస్తారు. అందులో వారి తప్పేమీ లేదు. ఒక సంస్థలో సాంకేతికత ఎలా ఇముడుతుంది, దానివల్ల ఎవరి పని ఎలా మారుతుంది అన్నది మన సబ్జెక్టుకు ప్రాణం. ప్రకటనలో ఆ ఊసే ఉండదు.

పట్టా పేరుకు బదులు చెప్పాల్సిన కోర్సుల పేర్లు రాయండి: సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్, డేటాబేస్, ఈఆర్‌పీ (సంస్థ పనులన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, బిజినెస్ అనలిటిక్స్, వీటిలో మీకు కావలసినవి. ఆ జాబితా మీదే విభాగంలో ఏకాభిప్రాయం లేకపోతే ప్రకటన ఆపండి. కంప్యూటింగ్ నిపుణుల సంఘమైన ఏసీఎం, అసోసియేషన్ ఫర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కలిసి రూపొందించిన ఐఎస్ 2020 నమూనా పాఠ్యప్రణాళికను ముందు పెట్టుకుని కూర్చుంటే చర్చ త్వరగా తెములుతుంది.

సమస్య: మంచివారిని అప్పటికే ఎవరో తీసుకున్నారు

ఆలస్యం. ఈ రంగంలో ఏటా ఆగస్టులో ఏఎంసీఐఎస్, డిసెంబరులో ఐసీఐఎస్ సదస్సులు జరుగుతాయి. కొత్తగా పిహెచ్‌డి పూర్తిచేస్తున్నవారూ విభాగాలవారూ ముఖాముఖి కలుసుకునేది అక్కడే. డిసెంబరు దాటాక ప్రకటన ఇస్తే మిగిలినవారితో సరిపెట్టుకోవాలి. పరిశ్రమలో పనిచేస్తున్నవారు మాత్రం ఈ సదస్సులకు సాధారణంగా రారు. వారి కోసం పూర్వ విద్యార్థులను, అతిథి ఉపన్యాసాలకు వచ్చి వెళ్లినవారిని కదిలించాలి. ప్రకటన చూసి వారంతట వారే వస్తారనుకోవద్దు.

సమస్య: అనుభవజ్ఞులు దరఖాస్తు చేశారు, తొలి వడపోతలోనే పోయారు

"పిహెచ్‌డి తప్పనిసరి" అన్న గడి ఆ పని చేస్తుంది. ఎందుకు పెట్టారని అడిగితే "అక్రెడిటేషన్ కోసం" అంటారు. ఆ మాట సగమే నిజం. మీ విభాగం బిజినెస్ స్కూల్లో ఉంటే ఇది చూడండి: బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఏఏసీఎస్‌బీ అనే సంస్థ 2013 నుంచి అధ్యాపకులను నాలుగు వర్గాలుగా చూస్తోంది. అందులో ఇన్‌స్ట్రక్షనల్ ప్రాక్టీషనర్ అన్నది సాధారణంగా మాస్టర్స్ పట్టా, గట్టి వృత్తి అనుభవం ఉన్నవారి కోసమే. బోధనా వనరుల్లో దాదాపు 40 శాతం స్కాలర్లీ అకడమిక్ (పిహెచ్‌డి ఉండి పరిశోధన కొనసాగిస్తున్నవారి) వర్గంలో, 90 శాతం మొత్తం నాలుగు వర్గాల్లో ఏదో ఒకదానిలో ఉండాలన్నది ఆ సంస్థ 2020 ప్రమాణాల్లోని సాధారణ నియమం. మీ స్కూలు ప్రస్తుతం ఏ శాతం దగ్గర ఉందో లెక్క చూసి ఆ తర్వాత గడి పెట్టండి. వృత్తి అనుభవం పాతబడితే చెల్లదు కాబట్టి, చేరాక దాన్ని ఎలా నిలబెట్టుకుంటారో ఇంటర్వ్యూలోనే అడగడం మంచిది.

సమస్య: ఇంటర్వ్యూలో అదరగొట్టారు, తరగతిలో తేలిపోయారు

నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. డెమో క్లాసుకు అంశాన్ని అభ్యర్థికే వదిలేస్తాం. ఎన్నోసార్లు చెప్పి అరగదీసిన పరిశోధన ప్రసంగాన్నే వారు మళ్లీ వినిపిస్తారు. ప్రొఫెసర్లు తలలూపుతారు. రెండో ఏడాది విద్యార్థికి అందులో ఏం అర్థమవుతుందో ఎవరూ చూడరు.

అంశాన్ని మీరే ఇవ్వండి, చిన్నదివ్వండి. ఉదాహరణకు, ఒక డేటాబేస్‌లో విద్యార్థులు, కోర్సులు అనే రెండు టేబుళ్లు ఉన్నాయి. ఒక విద్యార్థి చాలా కోర్సులు తీసుకుంటాడు, ఒక కోర్సులో చాలామంది ఉంటారు. గ్రేడ్‌ను ఎక్కడ పెట్టాలి? ముప్పై నిమిషాల్లో చెప్పమనండి. మధ్యలో ఎవరో ఒకరు విద్యార్థిలా చెయ్యెత్తి, "విద్యార్థి టేబుల్‌లోనే పెడితే ఏమవుతుంది?" అని అడగాలి. కొందరు "అది తప్పు, నార్మలైజేషన్‌కు విరుద్ధం" అని (ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్లను విడగొట్టే పద్ధతి అది) ముందుకు సాగిపోతారు. ఇంకొకరు "సరే, పెడదాం" అని బోర్డు మీద ఒక విద్యార్థి పేరు రాసి, అతని చేత రెండో కోర్సు తీసుకోనిస్తారు. రెండో గ్రేడ్‌కు చోటు లేక తరగతి మొత్తం ఇబ్బంది పడ్డాక నమోదు కోసం మూడో టేబుల్ గీస్తారు. మీకు కావలసింది ఈ రెండో మనిషి. గదిలో నిజమైన విద్యార్థులను కూర్చోబెట్టి, వారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. అభ్యర్థులకు వేసే మార్కుల పట్టిక డెమోకు ముందే తయారుచేయండి. తర్వాత చేస్తే నచ్చినవారికి తగ్గట్టు గీతలు జరుగుతాయి.

సమస్య: నియామకపత్రం ఇచ్చాక కాదన్నారు

జీతం ఒక్కటే కారణం అనుకోవద్దు. కాంట్రాక్టు ఎన్నేళ్లు, పునరుద్ధరణ ఎవరి చేతిలో, వేసవిలో జీతం ఉంటుందా అన్నవి స్పష్టంగా లేకపోతే వివేకమున్నవారు వెనకడుగు వేస్తారు. "సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు" అన్నదీ అరకొర మాటే. ఒకే కోర్సు నాలుగు సెక్షన్లకు చెప్పడం వేరు, నాలుగు వేర్వేరు కోర్సులు తయారుచేసుకోవడం వేరు. ఈ రెంటిలో ఏదన్నది స్పష్టంగా రాసివ్వండి.

సమస్య: చేరినవారు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు

మొదటి సెమిస్టర్‌లోనే ఎవరికీ అక్కర్లేని కోర్సులన్నీ కొత్తవారి నెత్తిన పెట్టి ఉంటారు. మొదటి ఏడాది కొత్త కోర్సులు రెండు మించకుండా చూడండి, పాత స్లైడ్లు, అసైన్‌మెంట్లు ఇప్పించండి. ఈ సబ్జెక్టులో సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ల్యాబ్ పాఠం తిరగరాయాలి. ఆ గంటలను కూడా పనిభారంలో లెక్కించండి. సీనియర్ లెక్చరర్ వంటి పదోన్నతి మెట్టు, విభాగ సమావేశాల్లో ఓటు లేకపోతే మళ్లీ ప్రకటన వేసుకోవడమే.

ఇవన్నీ సరిచేసినా ఎవరూ రాకపోతే అప్పుడు డబ్బు సంగతి. జీతం పెంచే వీలు లేదంటే కోర్సుల సంఖ్య తగ్గించండి. అదీ కుదరకపోతే పూర్తికాల పోస్టును పక్కనపెట్టి, ఉద్యోగంలో ఉన్నవారికి సాయంత్రం ఒక్కో సెక్షన్ అప్పగించి ఆ ఏడాది గడపండి. వారిలో ఎవరు బాగా చెబుతున్నారో మరుసటి ప్రకటన నాటికి మీకే తెలుస్తుంది.