మాస్టారి కాగితాలు పాడవుతున్నాయా? సమస్య - కారణం - పరిష్కారం

మా మామయ్యగారు చెన్నైలో ముప్పై ఏళ్ల పైచిలుకు చిత్రకళ పాఠాలు చెప్పారు. ఆయన పోయాక పాత మాంబళం ఇంట్లో మిగిలినవి రెండు ఇనుప బీరువాలు, అటక మీద మూడు ట్రంకుపెట్టెలు, మంచం కింద వరసగా బిస్కెట్ డబ్బాలు. లోపల ఉత్తరాలు, స్కెచ్ పుస్తకాలు, పాఠాల నోట్సు, స్లయిడ్లు, ఎగ్జిబిషన్ కేటలాగులు, పాత ప్రశ్నపత్రాలు. వాటి మధ్యలో కరెంటు బిల్లులు కూడా.

మూడేళ్లుగా వాటితోనే నా కాలక్షేపం. నేనేమీ ఈ పని చదువుకున్నదాన్ని కాను. చేసిన తప్పుల వల్ల కొంత, తెలిసినవాళ్లు పెట్టిన చివాట్ల వల్ల కొంత నేర్చుకున్నాను. మీ ఇంట్లోనూ ఒక డ్రాయింగ్ మాస్టారో, ఆర్ట్ ప్రొఫెసరో ఇలాంటి ఆస్తి వదిలి వెళ్లి ఉంటే, మీకు కనబడే లక్షణాన్ని బట్టి కింద వెతుక్కోండి. మొదటిది మాత్రం అందరూ చదవాలి.

లక్షణం: అంతా కలగాపులగంగా ఉంది, సర్దేద్దామని చేతులు దురద పెడుతున్నాయి

ఆ చేతులు కాసేపు కట్టుకోండి. నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఒక ఆదివారం కూర్చుని ఉత్తరాలన్నీ ఒక పక్క, బొమ్మలు ఒక పక్క, టికెట్లూ రసీదులూ ఇంకో కవర్లో వేశాను. సాయంత్రానికి గది అద్దంలా ఉంది. కృష్ణ ఒడ్డున పడవల స్కెచ్ ఒకటి, తేదీ లేదు, సంతకం లేదు. దానికి గుండుసూదితో ఒక అట్ట రైలు టికెట్ గుచ్చి ఉండేది, మద్రాసు నుంచి విజయవాడకి. దాని మీద తేదీ అచ్చు గుద్ది ఉంది. అంటే ఆ టికెట్టే ఆ బొమ్మకి పుట్టినరోజు సర్టిఫికెట్. నేను దాన్ని పీకి మిగతా నలభై టికెట్లతో కలిపేశాను. ఏ టికెట్ ఏ బొమ్మదో ఇప్పుడు బ్రహ్మకైనా తెలియదు.

కారణం: మనకి చిందరవందరగా కనిపించేది ఆయనకి ఒక వరస. ఆర్కైవ్‌లలో, అంటే పాత పత్రాలు భద్రపరిచే చోట్ల, పనిచేసేవాళ్లు మూల క్రమాన్ని కదపొద్దంటారు. ఏ కాగితం దేని పక్కన ఉంది అన్నదీ ఒక సమాచారమే.

పరిష్కారం: దేన్నీ కదిలించక ముందే ఫోన్‌తో ఫోటోలు తీయండి. బీరువా తలుపు తెరవగానే ఒకటి, ప్రతి అరదీ ఒకటి, ప్రతి కట్ట పైనుంచి ఒకటి. పెట్టెలకి 1, 2, 3 అని నంబర్లు వేయండి. నోటుబుక్కులో ఒక్కో ఫైలుకి ఒక్కో లైను: ఏ పెట్టె, ఫైలు మీద ఆయన రాసుకున్న పేరు, లోపల సుమారుగా ఏముంది. ఆయన పెట్టిన పేరు మార్చకండి. మా ఇంట్లో ఒక ఫైలు పేరు ‘చిల్లర’. ఆయన రంగులు కలిపే పద్ధతులన్నీ కరెంటు బిల్లుల వెనక రాసి అందులోనే పెట్టుకున్నారు. పేరు చూసి పారేసి ఉంటే అంతే సంగతులు.

లక్షణం: బూజు వాసన, కాగితం మీద నల్లగా పచ్చగా మచ్చలు

కారణం చెన్నై గాలి. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజుకి పండగ. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో అది దాటని రోజులు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలైతే ఇక చెప్పక్కర్లేదు. ఇనుప బీరువాని బయటి గోడకి ఆనించి పెడితే చెమ్మ నేరుగా వెనక రేకుకి పడుతుంది. మా వాటర్ ట్యాంకు సరిగ్గా అటకకి పైనే ఉందన్న సంగతి కూడా ఆలస్యంగా తట్టింది.

ముందు బూజు పట్టినవాటిని మిగతావాటి నుంచి వేరు చేయండి. ఎండలో పెట్టకండి. కత్తిరి ఎండకి (మే నెల మండుటెండకి) తేమ పోతుంది నిజమే, దాంతోపాటు సిరా, రంగూ వెలిసిపోతాయి, కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. బాగా ఆరాక బూజు పొడిపొడిగా అవుతుంది. అప్పుడు ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, బాల్కనీలో, మెత్తటి బ్రష్షుతో ఒకే వైపుకి దులపండి. తడిగుడ్డతో తుడిస్తే మరకని కాగితంలోకి రుద్దినట్టే. డెట్టాల్, ఫినాయిల్ జోలికి అసలు వెళ్లొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ పని అప్పజెప్పకండి.

తర్వాత బీరువాని గోడకి జానెడు ఎడంగా జరపండి. నేల నుంచి అంతే ఎత్తు ఉంచండి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి లోపల పెట్టండి, కొన్ని వందల్లో వస్తుంది. అటక మీద మాత్రం ఏదీ ఉంచొద్దు. వేసవిలో పెనం, వానల్లో చెరువు, అది కాగితాల చోటు కాదు.

లక్షణం: అంచులు కొరికినట్టు, అక్షరాల మధ్య చిల్లులు

పైపొర గీకినట్టు పలచబడితే అది వెండిలా మెరుస్తూ జారిపోయే సిల్వర్ ఫిష్ పని. దానికి పిండి జిగురంటే ప్రాణం, అందుకే మైదా జిగురుతో అంటించిన ఆల్బమ్‌ల మీద పడుతుంది. మట్టి గీతలు కనబడితే చెదలు. చెదలైతే కాగితాల వైద్యం తర్వాత, ముందు పెస్ట్ కంట్రోల్ వాళ్లని గోడకి వైద్యం చేయమనండి.

వేపాకు, కలరా ఉండలు మా అత్తయ్యగారి మందులు. వేపాకు ఎండి పొడయ్యి తేమని పట్టుకుంటుంది, మరకలు కూడా వేస్తుంది. కలరా ఉండల వాసన మనుషులకీ మంచిది కాదు. పురుగుకి నిజంగా పనిచేసేది ఫ్రీజరు. పొడిగా ఉన్న కట్టని జిప్ కవర్లో గాలి తీసేసి మూసి, ఇంకో కవర్లో పెట్టి, ఇంటి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, లేదంటే చల్లటి కాగితం మీద నీళ్లు పడతాయి. గుడ్లు కూడా చచ్చాయని నమ్మకం కావాలంటే ఇంకోసారి చేయండి. ఫోటోలు, నెగెటివ్‌లు, రంగు మందంగా వేసిన బొమ్మలకి ఈ పద్ధతి వద్దు. ఐస్‌క్రీం పక్కన మామయ్యగారి ఉత్తరాలేమిటని మా అబ్బాయి ఇప్పటికీ నవ్వుతాడు.

లక్షణం: తుఫాను నీళ్లు ఇంట్లోకొచ్చాయి, కాగితాలు ముద్దయ్యాయి

2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను చూసిన ఊరు కాబట్టి దీన్ని లోతుగా చెప్పాలి. మీకున్న గడువు సుమారు 48 గంటలు. ఆ తర్వాత బూజు మొదలవుతుంది.

తడి ముద్దని విడదీయాలని చూడకండి. తడిసిన కాగితానికి బలం ఉండదు, మన వేలే దాన్ని చింపుతుంది. ముద్దని ముద్దగానే ఒక ప్లాస్టిక్ ట్రే మీదికి జార్చి ఎత్తండి. కొద్దిగా ఉంటే కాగితాల మధ్య బ్లాటింగ్ పేపరు, దొరక్కపోతే అచ్చులేని తెల్ల టిష్యూ పెట్టి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టండి. న్యూస్ పేపరు వద్దు, దాని సిరా దిగుతుంది. ఎక్కువ ఉంటే కవర్లలో కట్టి ఫ్రీజరులో పెట్టేయండి. గడ్డ కట్టింది కుళ్లదు. తీరిగ్గా కొంచెం కొంచెం తీసి ఆరబెట్టుకోవచ్చు.

ఆర్ట్ మాస్టారి ఇంట్లో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది కేటలాగుల్ని. ఆర్ట్ పేపరు నిగనిగలాడేది పైన పూసిన సుద్దలాంటి పూత వల్ల. తడిసి ఆరితే ఆ పూత పక్క పేజీకి అతుక్కుని పుస్తకం ఇటుక అయిపోతుంది. ఇక పాత కాగితాలు బాగుచేసే నిపుణుడు (కన్జర్వేటరు) కూడా విప్పలేడు. అందుకని వాటిని ఆరనివ్వకుండా, తడిగా ఉండగానే పేజీ పేజీకి మధ్య మైనపు కాగితం పెట్టాలి, లేదా వెంటనే ఫ్రీజరు. ఒకదానికొకటి అంటుకున్న ఫోటోలని చల్లటి మంచినీళ్లలో ఉంచి వాటంతట అవి విడిపోనివ్వండి. బొమ్మ ఉన్న వైపు వేలు తగలకూడదు.

లక్షణం: ఉత్తరాల మీద గోధుమరంగు గీతలు, మడతల దగ్గర విరుగుతున్నాయి

కారణం: తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు, స్టేప్లర్ పిన్నులు, కరిగిపోయిన రబ్బరు బ్యాండ్లు, మీరు వేసిన సెలోటేపు. పిన్ను లాగకండి. వెనకవైపు కాళ్లు సన్నటి కత్తిమొనతో పైకి లేపి, కాగితానికీ పిన్నుకీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అప్పుడు తీయండి. కలిసి ఉన్న కాగితాలని విడదీయకుండా, మడిచిన తెల్ల కాగితం మధ్య పెట్టి, పైన పెన్సిల్‌తో ‘ఇవి కలిపి ఉన్నాయి’ అని రాయండి.

మంచి కాగితానికి మా చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లాను. పెళ్లి శుభలేఖల దుకాణాల మధ్య యాసిడ్ ఫ్రీ (కాగితాన్ని పెళుసెక్కించే ఆమ్లం లేని) కాగితం అడిగితే మొదటి రెండు చోట్ల నవ్వారు, మూడో చోట ఇచ్చారు. వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు కొనకండి, సిరాని లాగేస్తాయి. పాలిస్టరు, పాలిప్రొపిలీన్ అయితే ఫర్వాలేదు.

ఇక లామినేషన్. మా బంధువొకరు ప్రేమకొద్దీ మామయ్యగారి మొదటి నియామక పత్రాన్ని లామినేట్ చేయించి తెచ్చారు. వేడికి జిగురు కాగితంలోకి దిగిపోయింది, ఇక వెనక్కి రాదు. ఆయనకి ఏమీ అనలేక టీ ఇచ్చి పంపాను.

లక్షణం: బొగ్గు బొమ్మలు చెరిగిపోతున్నాయి

చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలని ప్లాస్టిక్ కవర్లో పెట్టారా? ప్లాస్టిక్ స్థిరవిద్యుత్తు ఆ పొడిని పైకి లాగేస్తుంది. తీసి, నున్నటి కాగితం కప్పి, బరువు పడకుండా అట్టపెట్టెలో బల్లపరుపుగా పెట్టండి. హెయిర్ స్ప్రే కొడితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, పసుపెక్కుతుంది.

లక్షణం: నెగెటివ్ డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన

అసిటేట్ ఫిల్ము (పాత నెగెటివ్‌ల ప్లాస్టిక్) కుళ్లుతోంది. మందు లేదు, ఒకటి మొదలైతే పక్కదానికీ అంటుతుంది. వేరు చేసి, వంకర్లు తిరగక ముందే స్కాన్ చేయించండి. స్లయిడ్ల మీద సాలెగూడులాంటి గీతలు కనబడితే అది బొమ్మని పట్టి ఉంచే జెలటిన్ పూతని తింటున్న ఫంగస్. నీళ్లు తగలకూడదు, ఎందుకంటే అది తిన్నచోట జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది. కాగితాలకి 300, చిన్న ఫోటోలకి 600, స్లయిడ్లకి 3000 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పైన, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా చేయించండి. ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి వేరే డిస్కులో, మూడోది వేరే ఊళ్లో.

లక్షణం: ఫ్లాపీ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు

మామయ్యగారి కళాచరిత్ర పాఠాలు 1990ల చివర పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో టైపు చేయించినవి. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవారు. ఫాంటు లేకపోతే తెలుగు ఉండదు. ఫైలు పాడైందని కంగారుపడి తెరిచి మళ్లీ సేవ్ చేయకండి. ముందు ఫ్లాపీ మూలనున్న చిన్న తలుపు జరిపి కన్నం తెరిచి ఉంచండి, అప్పుడు దానిమీద ఏదీ రాయబడదు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ దొరికింది, దాంతో మొత్తం కాపీ చేశాం. పాత డీటీపీ షాపులో ఫాంటు ఉన్న కంప్యూటర్ మీద పీడీఎఫ్ చేయించి, తర్వాత ఈ రోజుల్లో అన్ని కంప్యూటర్లలో కనబడే యూనికోడ్‌లోకి మార్చాం. మార్చాక అక్షరం అక్షరం చదవాలి. ఒత్తులు తప్పిపోతాయి, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పేరే మూడు రకాలుగా వచ్చింది.

లక్షణం: ఫోటోలో ఎవరున్నారో తెలియదు

దీనికి ఉన్న ఒకే మందు ఇంట్లో పెద్దవాళ్లు, అది కూడా వేగంగా అయిపోయే మందు. మధ్యాహ్నం కాఫీ తర్వాత రోజుకి పది ఫోటోల చొప్పున అత్తయ్యగారి ముందు పెట్టి, ఫోన్‌లో మాటలు రికార్డు చేశాను. ఒకదాన్ని చూసి ఆవిడ, ‘‘ఈ చొక్కా కాకినాడలో కుట్టించారమ్మా, మా పెళ్లికి ముందుది’’ అన్నారు. తేదీ అలా వచ్చింది. ఇంకోదాన్లో సముద్రం పక్కన నిలబడ్డ గుంపు. చోళమండలం అని ఆవిడే చెప్పారు. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో ఏర్పాటు చేసిన ఆ కళాకారుల ఊళ్లో ఎవరెవరు ఎప్పుడు కలిశారన్నది ఇలాంటి ఇంటి ఫోటోల్లోనే దొరుకుతుంది. పేర్లు వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా రాయండి. బాల్ పెన్ను అయితే బొమ్మ వైపుకి అచ్చు పడుతుంది.

లక్షణం: ఎవరికిద్దామన్నా ఎవరూ తీసుకోవడం లేదు

మేము ఒకచోటికి వెళ్తే, ‘‘ఎన్ని పెట్టెలు?’’ అని అడిగి, ఏముందని అడక్కుండానే స్థలం లేదన్నారు. కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, మన చేతిలో జాబితా లేదు. మొదట్లో రాయమన్న నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది. చెన్నైలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం (1994) ఒక మనిషి ఇంట్లో పోగేసిన పుస్తకాల మీదే మొదలైంది. బరోడా కళాకారులు, కళాచరిత్ర ఆచార్యుల వ్యక్తిగత కాగితాలని హాంగ్‌కాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ డిజిటైజ్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. అంటే ఇలాంటివాటికి చోటు లేకపోలేదు. జాబితాతో వెళ్లండి, ఏం ఇస్తున్నారో, ఏ షరతులతో ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి.

ఆ షరతుల్లో రెండు మర్చిపోవద్దు. మీ దగ్గరున్న ఉత్తరం కాగితం మీది, అందులోని రాతల మీద హక్కు రాసినవారిది. కాపీరైటు చట్టం (1957) ప్రకారం అది రాసినవారు పోయాక కూడా దశాబ్దాల పాటు ఉంటుంది, కాబట్టి ఇతరుల ఉత్తరాలని వెంటనే ఇంటర్నెట్‌లో పెట్టేయకండి. రెండోది విద్యార్థుల మార్కుల కాగితాలు, ఎవరి గురించో రహస్యంగా రాసిన అభిప్రాయాలు. పారేయొద్దు, ఏ తేదీ దాకా మూసి ఉంచాలో రాసి విడిగా ఇవ్వండి.

మా పెట్టెల్లో మూడోదాన్లో ఒక కట్ట ఉంది, ఎర్ర దారం కట్టి. అత్తయ్యగారు విప్పనివ్వలేదు. నేను కవర్లో పెట్టి ఇస్తే, మెత్తటి పెన్సిల్ తీసుకుని పైన ఆవిడే రాశారు: ‘2050 దాకా తెరవొద్దు.’