పాతకాలం ఫుట్‌బాల్‌లో మొనగాడెవరు? పంచాయితీ తెగాలంటే ఇట్లా చేయండి

సాయంత్రం ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో ఆట ముగిసి, బూట్లు విప్పి, టీ కొట్టు చేరేసరికి ఎవరో ఒకరు అందుకుంటారు.

"పెలే 1283 గోల్స్ కొట్టినాడబ్బా, ఇంకేముండాది మాట్లాడేదానికి?"

"ఆ లెక్కలో మిలిటరీ టీము మ్యాచ్‌లు గూడా ఉండాయన్నా."

గంట గడుస్తుంది, రెండో టీ కూడా అయిపోతుంది, ఏదీ తేలదు. ఒకరు తూకం వేస్తుంటే ఇంకొకరు మూరేస్తున్నారు, తేలమంటే ఎట్లా తేలుతుంది? మొదటాయనది గోల్స్ లెక్క, రెండో ఆయనది ఎదుటి జట్టు ఎవరన్న లెక్క. తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా ఈ వాదన చెడేది ఇక్కడే.

పేర్లు ఎత్తకముందే

"గొప్పోడు" అన్న మాటను కాసేపు పక్కన పెట్టండి. అందులో మూడు వేరువేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. మంచి ఊపు మీదున్న రెండు మూడేళ్లలో ఎవరు మేలు? మొత్తం ఆటజీవితంలో ఎవరు మేలు? రేపు ఒక్క ఫైనల్ ఆడాలంటే ముందు ఎవరిని తీసుకుంటారు? వీటిలో ఒకటే ఎంచుకుని అట్టముక్క మీద పైన రాయండి. ప్రశ్న మారితే గెలిచేవాడూ మారతాడు. ఊపు అడిగితే 1962 నాటి బ్రెజిల్ ఆటగాడు గరించా పైకొస్తాడు, మొత్తం జీవితం అడిగితే కిందికి జారిపోతాడు. డి స్టెఫానో వరల్డ్ కప్ ఫైనల్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 1956 నుంచి 1960 దాకా రియల్ మాడ్రిడ్ వరసగా గెలిచిన ఐదు యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్స్‌లోనూ గోల్ కొట్టాడు. పేర్లు బయటికొచ్చాక ప్రశ్న ఎంచుకుంటే ఎవరికి వాళ్లు తమ వాడికి సరిపోయేదే లాగుతారు. అందుకే ప్రశ్న ముందు.

కాలాన్ని పదేళ్ల లెక్కన కోయకండి, రూల్స్ మారిన చోట కోయండి. 1925లో ఆఫ్‌సైడ్ (ఎదుటి గోల్ దగ్గర ముందే కాచుకుని ఉండకూడదన్న రూల్) సడలింది. 1970 వరల్డ్ కప్‌తో సబ్‌స్టిట్యూట్లు, పసుపు ఎరుపు కార్డులు వచ్చాయి. 1992లో బ్యాక్‌పాస్‌ను, అంటే తన జట్టువాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని, గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవడం ఆగింది. అంటే 1925–70 ఒక కాలం, 1970–92 ఇంకొకటి.

ఇది చాదస్తం కాదు. 1962 చిలీ వరల్డ్ కప్‌లో రెండో మ్యాచ్, చెకోస్లొవేకియా మీద. పెలేకి గజ్జ దగ్గర కండరం పట్టేసింది. బదులు ఇంకొకరిని దించే వీల్లేదు కాబట్టి మిగతా మ్యాచ్ అంతా కుంటుతూ మైదానంలోనే ఉండిపోయాడు. ఆ కప్‌లో ఆయన మళ్లీ ఆడలేదు, బ్రెజిల్ గెలిచింది. కాబట్టి "మూడు వరల్డ్ కప్పులు" అన్న మాటలో 1962 వాటా రెండు మ్యాచ్‌లు, ఒక గోల్. 1966లో పోర్చుగల్ మీద కూడా తన్నులు తిని కుంటుతూనే ఆడాడు, అప్పుడూ సబ్‌స్టిట్యూట్ లేడు. ఈ కాలం ఆటగాడి మ్యాచ్‌ల సంఖ్యను ఈ రోజు ఆటగాడి సంఖ్య పక్కన పెడితే ఇదంతా కనపడకుండా పోతుంది.

గోల్స్‌ను కాచి వడగట్టడం

1283లో స్నేహపూర్వక మ్యాచ్‌లు, టూర్లు, సైన్యం జట్టు ఆటలు అన్నీ కలిసున్నాయి. అధికారిక పోటీలవే తీస్తే 750 పైచిలుకు మిగులుతాయి. అదీ చిన్న సంఖ్య కాదు. గొడవ ఎక్కడొస్తుందంటే, ఒకరి మొత్తం గోల్స్‌ను ఇంకొకరి అధికారిక గోల్స్‌తో పోల్చినప్పుడు. ఏ జాబితా వాడుతున్నారో ముందే ఒప్పుకుని అందరికీ అదే వాడండి.

తర్వాత ఆ టోర్నీలో గోల్స్ ఎంత చవకో చూడాలి. 1954 వరల్డ్ కప్‌లో 26 మ్యాచ్‌లకు 140 గోల్స్, అంటే మ్యాచ్‌కు 5.38. 1958లో 35కి 126, అంటే 3.6. 1966లో 32కి 89, అంటే 2.78. ఇప్పుడు ఒక్కొక్కరి సగటును ఆ టోర్నీ సగటుతో భాగించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

హంగరీ కోచిష్ (1954): 5 మ్యాచ్‌లలో 11 గోల్స్, మ్యాచ్‌కు 2.2. దాన్ని 5.38తో భాగిస్తే 0.41. ఫ్రాన్స్ ఫోంటైన్ (1958): 6 మ్యాచ్‌లలో 13, భాగిస్తే 0.60. పోర్చుగల్ యుసేబియో (1966): 6 మ్యాచ్‌లలో 9, భాగిస్తే 0.54. ఉత్త గోల్స్ చూస్తే యుసేబియో కోచిష్ వెనక ఉంటాడు, గోల్స్ ధర కట్టాక ముందుకొస్తాడు. అయితే ఆ 9లో నాలుగు పెనాల్టీలు. అవి తీసేస్తే అదే మనిషి 0.30కి పడిపోతాడు. పెనాల్టీలు లెక్కలో ఉంచాలా వద్దా అన్నది కూడా భాగహారం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. తీసేస్తే అందరివీ తీసేయాలి, మనవాడివి వదిలిపెట్టి ఎదుటివాడివి కాదు.

గోల్స్ కొట్టడమే పని కానివాళ్లకు ఇంకో కొలత ఉంది: జట్టు గోల్స్‌లో మనిషి చెయ్యి ఎంత. 1986లో అర్జెంటీనా 14 గోల్స్ కొడితే మరడోనా 5 కొట్టాడు, 5 అందించాడు. డిఫెండర్లకు, గోల్‌కీపర్లకు ఈ కొలతలేవీ పనిచేయవు. వాళ్లకు వేరే అట్ట పెట్టడమే న్యాయం.

అవార్డుల మాట వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్‌ను 1995కు ముందు యూరప్ ఆటగాళ్లకే ఇచ్చేవాళ్లు. "పెలేకి ఒక్కటి కూడా రాలేదే" అనేవాళ్ల నోరు ఇక్కడే మూయించొచ్చు.

మన సంగతి: 1951 నుంచి 1962

బ్రెజిల్ దాకా వెళ్లకుండా మన జట్టుతోనే వాదన పెట్టుకుంటే ఇంకా రుచిగా ఉంటుంది. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతికింద ఇండియా 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది. పోటీ ముగ్గురి మధ్య: సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం, పీకే బెనర్జీ, చునీ గోస్వామి.

తెలుగువాళ్ల మధ్య కూర్చుంటే బలరాం వైపు మొగ్గు సహజం. మొగ్గు చాలదు, రుజువు కావాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూల మీద ఇండియా కొట్టినవి మూడే గోల్స్. రెండు బలరాంవి, ఒకటి పీకేది. బలరాంకు ఇంతకంటే గట్టి సాక్ష్యం వెతకనక్కర్లేదు. ఎదుటి పక్షం ఏమంటుందంటే, అనారోగ్యం వల్ల ఆయన 1963కే ఆట మానేశాడు. ప్రశ్న మొత్తం జీవితం గురించైతే ఈ దెబ్బ గట్టిదే. ఊపు గురించైతే అసలు తగలదు. పీకే పక్షానికి మంచి పాయింట్ ఒకటుంది. ఆయన కలకత్తా పెద్ద క్లబ్బులు మోహన్ బగాన్‌కూ ఈస్ట్ బెంగాల్‌కూ ఆడకుండానే, 1958లో ఈస్టర్న్ రైల్వేతో కలకత్తా లీగ్ గెలిచాడు. పక్కనున్న జట్టు బలం తక్కువైనప్పుడు అదే ఫలితం బరువు ఎక్కువ. చునీ వైపు వాళ్లు 1962 కెప్టెన్సీతో మొదలుపెడతారు. కెప్టెన్సీ వేరు, ఆట వేరు అని ఆపండి. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఆయన రెండు గోల్స్ కొట్టాడు, అది చెప్పమనండి.

"1956లో ఒలింపిక్స్ నాలుగో స్థానం" అని ఎవరైనా గర్వంగా అంటే మెల్లగా విప్పి చూపించండి. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండ్ వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. ఆస్ట్రేలియా మీద 4–2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. తర్వాత యుగోస్లావియా, బల్గేరియా చేతిలో ఓటమి. ఆడి గెలిచింది ఒక్కటే. డిసౌజా హ్యాట్రిక్ విలువ తగ్గదు గానీ "నాలుగో స్థానం" అన్న మాట బరువు తగ్గుతుంది.

కూర్చోబెట్టే పద్ధతి

ఆరేడు మంది మేలు. పది మందైతే అరుపులే. అభ్యర్థులు ముగ్గురు, మించితే నలుగురు. ఎవరు ఎవరి తరఫున మాట్లాడాలో చీటీలు వేయండి. అభిమాని తన వాడి కోసం కాకుండా ఎదుటివాడి కోసం చదువుకుని వస్తే సగం గొడవ తగ్గుతుంది. మాట్లాడేదానికి నాలుగు నిమిషాలు, ప్రశ్నలకు రెండు. ఫోన్ టైమర్ వాదనలో లేనివాడి చేతిలో ఉండాలి. తన అభ్యర్థి మీద ఉన్న గట్టి ఆక్షేపణను ప్రతివాడూ తానే చెప్పాలి. దాచిపెట్టినవాడికి చివర్లో ఒక పాయింట్ కోత.

టీవీ గురించి జాగ్రత్త. మన ఇళ్లల్లో చాలామంది చూసిన మొదటి వరల్డ్ కప్ 1986, దూరదర్శన్‌లో. యాభై దాటినవాళ్లకు మరడోనా కళ్లముందే ఉంటాడు, గరించా మాత్రం పేపర్లో పేరు. "నేను చూసినాను గదా" అన్నది అందరికీ సమానంగా అందే సాక్ష్యం కాదు. పాత ఆటగాళ్ల వీడియోలు ఎక్కువగా గోల్స్ ముక్కలే. మనిషి మిగతా 85 నిమిషాలు ఏం చేశాడో వాటిలో తెలియదు. దొరికినంతలో ఒక మ్యాచ్ అయినా పూర్తిగా చూసి రమ్మనండి.

ఓటు ఒకే పేరుకు వేయించకండి. ఏడుగురిలో ముగ్గురు పీకేకి, ఇద్దరు చునీకి, ఇద్దరు బలరాంకి వేశారనుకోండి. మిగతా నలుగురూ పీకేని ఆఖర్లో పెట్టినా ఆయనే గెలుస్తాడు. బదులు మొదటి స్థానానికి 3, రెండుకు 2, మూడుకు 1 ఇవ్వండి. పీకే ఓటర్లు, చునీ ఓటర్లు రెండో పేరుగా బలరాంని, బలరాం ఓటర్లు చునీని రాస్తే బలరాంకి 16, మిగతా ఇద్దరికీ తలా 13 వస్తాయి. చీటీలు మడిచి వేయాలి. చేతులెత్తిస్తే పెద్దాయన చెయ్యి ఎటు లేస్తే కుర్రాళ్ల చేతులూ అటే లేస్తాయి.

పైన ఇద్దరికీ సమానమైతే మళ్లీ ఓటు పెట్టకండి. ఆ ఇద్దరూ ఆడిన గట్టి జట్ల మీద మ్యాచ్‌లు మాత్రమే రెండు వరసల్లో రాసి, అట్టను ఫోటో తీసుకుని, వచ్చే ఆదివారానికి వాయిదా వేయండి.