ఇంజిన్ ఆపాక ఈజీటీ మీటరును ఎలా చదవాలి

గాజువాకలో మాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. డీజిల్ బళ్లకు ఈజీటీ మీటర్లు, అంటే సైలెన్సర్ పొగ వేడి చూపే మీటర్లు, బిగిస్తుంటాను. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే జీపుల వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు మీటరు పెట్టించుకున్న కొద్ది రోజులకే ఫోన్ చేస్తారు. "అన్నా, అనంతగిరిలో కాఫీకి ఆపి, మళ్లీ తాళం తిప్పి చూస్తే నంబరు పెరిగింది. మీటరు పోయిందా?" అని. పోలేదు, సరిగ్గానే పనిచేస్తోంది.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ప్రోబ్‌ను, అంటే పొగ దారిలో దూర్చిన వేడి కొలిచే పుల్లను, ఒరుసుకుంటూ పొగ పోతుంది. అందుకే మీటరు పొగ వేడిని చూపిస్తుంది. ఇంజిన్ ఆపగానే పొగ ఆగిపోతుంది, ఇక ప్రోబ్‌కు తగిలేది మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టం) ఇనుము వేడే. ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు పొగ 600 డిగ్రీలు దాటుతుంది. పైకొచ్చి స్లోలో పెడితే అది త్వరగానే 200 కిందికి దిగుతుంది. ఇనుము అంత తొందరగా చల్లారదు. రాచ్చిప్పలో పులుసు పొయ్యి మీంచి దించాక కూడా ఉడుకుతూనే ఉంటుంది చూడండి, అలాంటిదే ఇదీ. స్లోలో వచ్చే పొగ కంటే ఇనుమే వేడిగా ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆపాక నంబరు కొంత పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. ప్రోబ్ టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం) తర్వాత పైపులో ఉంటే ఈ పెరుగుదల ఇంకా బాగా కనిపించొచ్చు, పక్కనే టర్బో పెంకు కాలుతూ ఉంటుంది కదా.

కాబట్టి బండి ఆపొచ్చా లేదా అన్నది తాళం తిప్పకముందే చూసుకోవాలి. ప్రోబ్ టర్బోకు ముందుంటే, స్లోలో 200 కిందికి, వీలైతే 150 దగ్గరికి దిగేదాకా ఆగమని మా కస్టమర్లకు చెబుతాను. టర్బో తర్వాత ఉంటే ఆ లెక్క పనికిరాదు. లోడు మీద అక్కడ నంబరు ఎప్పుడూ తక్కువే, తేడా 100 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి బళ్లకు నంబరుతో పని లేకుండా రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచండి. ఇంజిన్ ఆగితే టర్బోకు ఆయిల్ రావడం ఆగిపోతుంది. బేరింగ్ దగ్గర మిగిలిన ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. టర్బో రిపేరు బిల్లు చూసినవాళ్లకు ఆ రెండు నిమిషాలు బరువనిపించవు.

ఆపాక మీటరు ఏం చూపిస్తుందన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. డిజిటల్ అయితే తాళంతో పాటే ఆరిపోతుంది. కరెంటుతో నడిచే ముల్లు మీటర్లలో కొన్ని సున్నాకు వస్తాయి. కొన్నింట్లో ముల్లు ఉన్నచోటే నిలబడిపోతుంది, దాన్ని వేడి అనుకోకండి. పాత రకం పైరోమీటరుకు బ్యాటరీతో పనే లేదు. 700 డిగ్రీల దగ్గర కె టైపు ప్రోబ్ (రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపి చేసినది) సుమారు 29 మిల్లీవోల్టులు పుట్టిస్తుంది, ముల్లు కదలడానికి అదే చాలు. ఆ మీటరు తాళం తీసేశాక కూడా నిజమే చెబుతుంది. మిగతా వాటిలో చూడాలంటే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి ఒక నిమిషం చూడండి, బ్యాటరీ తినేయకుండా వెంటనే తీసేయండి.

పొద్దున్నే చల్లటి బండిలో కూడా ఒకసారి చూడండి. డిజిటల్ మీటరు బయటి గాలి వేడికి దగ్గరగా చూపించాలి. రాత్రంతా నిలిపిన బండి 80 చూపిస్తే వైరింగ్ మీద అనుమానపడాలి.

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వైరువే. ప్రోబ్ నుంచి మీటరు దాకా కె టైపు వైరే రావాలి. అది చాలక మామూలు రాగి వైరు బానెట్ కింద అతికించేస్తారు. ఆ జాయింట్‌కూ మీటరుకూ మధ్య ఉన్న వేడి తేడాను రాగి లెక్కలోకి తేదు. బండి నడుస్తున్నప్పుడు గాలి తగిలి ఆ జాయింట్ కాస్త చల్లగా ఉంటుంది, తప్పు పెద్దగా కనపడదు. ఆపాక ఫ్యాను ఉండదు, గాలీ ఉండదు. బానెట్ కింద వేడి కమ్మేస్తుంది. జాయింట్ 80 డిగ్రీలకు చేరి, లోపల మీటరు 35 దగ్గర ఉందంటే, నంబరు దాదాపు 45 తక్కువగా వస్తుంది. అంటే ఇనుము ఇంకా కాలుతుంటే మీటరు చల్లారిందంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలికే. చల్లటి బండిలో తాళం ఆన్ చేసి, ఒకరిని మీటరు చూడమనండి. మీరు బానెట్ ఎత్తి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో జాయింట్‌ను వేడిచేయండి. నంబరు కదలకపోతే వైరు మంచిదే. దిగిందంటే అక్కడ రాగి ఉంది. కొత్త వైరు కలిపేటప్పుడు రంగులు చూసుకోండి. అమెరికా పద్ధతి కె టైపులో ఎరుపు మైనస్, పసుపు ప్లస్. మన ఎలక్ట్రీషియన్ల చెయ్యి ఎరుపును ప్లస్‌కే తీసుకెళ్తుంది. మొత్తం తిరగేసి కలిపితే వేడెక్కేకొద్దీ నంబరు దిగుతుంది, వెంటనే తెలిసిపోతుంది. పచ్చ, తెలుపు వైరు వస్తే పచ్చ ప్లస్, తెలుపు మైనస్. రాగి ముక్క తీసేసి, మీటరు దాకా కె టైపే లాగించి, మళ్లీ డ్రయ్యర్ పెట్టి చూడండి. మీటరు మార్చక్కర్లేదు.