రెవిట్ మోడల్ పంపే ముందు వెర్షన్ అడగండి
మా ఆఫీసు సిరిపురంలో, స్ట్రక్చరల్ ఇంజినీరుగారిది మధురవాడలో. భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో చేసిన మోడల్ పంపే ముందు ఆయనకి ఫోన్ చేసి, "సార్, మీ రెవిట్ ఏ ఏడాదిది?" అని అడుగుతాను. రెవిట్ 2024లో సేవ్ చేసిన ఫైలు రెవిట్ 2022లో తెరుచుకోదు. పాత వెర్షన్‌లోకి సేవ్ చేసే దారే లేదు. పాత ఫైలుని కొత్తదాంట్లో తెరిచి సేవ్ చేస్తే మళ్లీ వెనక్కి రాదు, కాబట్టి ముందే కాపీ దాచండి.

ప్రాజెక్టు మొదట్లోనే అందరూ ఒకే వెర్షన్‌కి ఒప్పుకోవడం అన్నిటికన్నా మేలు. కొత్త రెవిట్ వేసుకున్నా పాతది తీసేయకండి, రెండూ ఒకే కంప్యూటర్‌లో పనిచేస్తాయి.

కుదరకపోతే ఐఎఫ్‌సీగా, అంటే వేర్వేరు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు చదవగలిగే ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేయండి. గోడలు, పిల్లర్లు, బీములు వెళ్తాయి, కానీ వాటిని మునుపటిలా మార్చుకునే వీలు చాలావరకు పోతుంది. అవతలివాళ్లు దాన్ని తమ మోడల్‌కి లింక్ చేసుకుంటే సరిపోతుంది. ప్లాన్లు మాత్రమే కావాలా? డీడబ్ల్యూజీ (ఆటోకాడ్ డ్రాయింగ్ ఫైలు) పంపండి, ఎక్స్‌పోర్ట్‌లోనే పాత ఆటోకాడ్ ఫార్మాట్ ఎంచుకోవచ్చు.