ఇంగ్లిష్‌లో ‘అప్’ని సరిగ్గా వాడడం ఎలా?

‘అప్’ అంటే ‘పైకి’ అని నేర్చుకుని అక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది. ‘గివ్ అప్’, ‘బ్రేక్ అప్’ ఎదురైనప్పుడు, ఇందులో పైకి వెళ్లిందేమిటో తెలియక తికమకపడతారు. మరికొందరు ఇలా క్రియకు చిన్న మాట చేరి ఏర్పడే ఫ్రేజల్ వర్బ్‌ల జాబితా ముందేసుకుని అక్షరక్రమంలో బట్టీ పడతారు. అక్షరక్రమానికీ అర్థానికీ సంబంధం లేదు కాబట్టి అలా చదివింది నిలవదు. జాబితాలు పక్కన పెట్టండి.

కావలసినవి: నోట్‌బుక్, పెన్ను, ఉదాహరణ వాక్యాలు ఇచ్చే ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీ. ఫోన్‌లో టైప్ చేయొద్దు, చేత్తోనే రాయాలి.

మొదటి పని: చదివేటప్పుడు, వినేటప్పుడు ‘అప్’ తగిలిన ప్రతి వాక్యాన్నీ పూర్తిగా రాసుకోండి. మాట ఒక్కటే రాసుకుంటే తర్వాత పనికిరాదు.

రెండో పని: వాటిని అర్థాన్ని బట్టి విడదీయండి. ‘స్టాండ్ అప్’ లాంటివి పైకి కదలడం. ‘స్పీడ్ అప్’, ‘స్పీక్ అప్’ పెరగడం. ‘షో అప్’, ‘టర్న్ అప్’ వచ్చి కనిపించడం. ‘యూజ్ అప్’, ‘డ్రింక్ అప్’ పూర్తిచేయడం. ఈ చివరి రకం మనకు తేలిక. వాడడం వేరు, వాడేయడం వేరు. తాగడం వేరు, తాగేయడం వేరు. ఆ తేడానే ఇంగ్లిష్‌లో ‘అప్’ చూపిస్తుంది. చెట్టుని ముందు ‘కట్ డౌన్’ చేసి ఆ తర్వాత ‘కట్ అప్’ చేస్తారంటే, మొదట నరికి పడగొట్టి, తర్వాత ముక్కలు చేసేస్తారన్నమాట.

ఏ రకంలోనూ ఇమడనివి చివరి పేజీలో రాయండి. ‘ఇట్స్ అప్ టు యూ’ అంటే నీ ఇష్టం. ‘మేక్ అప్’ అయితే కథ అల్లడం, గొడవపడ్డాక రాజీపడడం, ముఖానికి రంగులద్దుకోవడం కూడా.

మూడో పని: వాక్యంలో ‘అప్’ దేనితో కలుస్తుందో చూడండి. తొందరపడకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ‘హి రాన్ అప్ ఎ హిల్’, ‘హి రాన్ అప్ ఎ బిల్’ అనే రెండు వాక్యాలు చూడండి. పైకి ఒకేలా ఉన్నాయి. మొదటిదాంట్లో ‘అప్’ కొండతో కలుస్తుంది: కొండ మీదికి పరిగెత్తాడు. రెండోదాంట్లో అది ‘రాన్’తో కలుస్తుంది: బిల్లు పెంచేసుకున్నాడు.

ఈ తేడా పట్టుకోవడానికి కొండ, బిల్లు తీసేసి ‘ఇట్’ పెట్టి చూడాలి. కొండ విషయంలో ‘హి రాన్ అప్ ఇట్’ సరైనది. బిల్లు విషయంలో ‘హి రాన్ ఇట్ అప్’ అనే అనాలి. ‘అప్’ క్రియతో కలిసిపోయి, దానికి కర్మ కూడా ఉంటే, ‘ఇట్’, ‘హిమ్’, ‘దెమ్’ లాంటివి ఆ రెండింటి మధ్యలోకి రావాలి. ‘పిక్ అప్ హిమ్’ అని రాసేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. అది తప్పు. ‘పిక్ హిమ్ అప్’ అనండి.

నామవాచకం ఉంటే ఈ నిర్బంధం లేదు. ‘టర్న్ అప్ ది వాల్యూమ్’, ‘టర్న్ ది వాల్యూమ్ అప్’ రెండూ ఒప్పే. అయితే నామవాచకం వెంట పొడవైన వివరణ ఉంటే మధ్యలో ఇరికించొద్దు. క్రియ ఒక చివర, ‘అప్’ మరో చివర ఉంటే చదివేవాళ్లు వాక్యంలో దారి తప్పుతారు.

‘అప్’ వెనక ఇంకో చిన్న మాట తోడుంటే మాత్రం చాలావాటిలో మధ్యలో ఏదీ పెట్టకూడదు. ‘పుట్ అప్ విత్ ఇట్’ అంటే దాన్ని భరించడం. ‘లుక్ అప్ టు హిమ్’ అంటే అతన్ని గౌరవించడం. ‘లుక్ ఇట్ అప్’ అంటే డిక్షనరీలో వెతకడం. చూడడానికి దగ్గరగా ఉన్న ఈ రెండూ కలిపేస్తే అర్థమే మారిపోతుంది, అందుకే వీటిని పక్కపక్కన రాసుకోండి.

చివరి పని: ప్రతి రకానికీ సొంతంగా రెండు వాక్యాలు రాసి, పైకి చదవండి. క్రియతో కలిసిన ‘అప్’ని ఒత్తి పలకాలి, మింగేయకూడదు. అక్కర్లేని చోట ‘అప్’ చేరిందేమో కూడా చూసుకోండి. ‘కోప్ అప్ విత్’ అని మనవాళ్లు తరచూ అంటారు. ‘కోప్ విత్’ చాలు, అక్కడ ‘అప్’ కొట్టేయండి.