తిరిగిరాని బాంబర్ విమానం: అందులోని మనిషి వివరాలు వెతికే పద్ధతి

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలో బాంబు దాడులు చేసే విభాగమైన బాంబర్ కమాండ్ తరఫున ఎగిరి చనిపోయినవాళ్లు 55,573 మంది. వాళ్లలో ఒకరి గురించి వెతికేటప్పుడు పేరొక్కటే పట్టుకుంటే ఎక్కువ దూరం వెళ్లలేరు. విమానాన్ని, అందులో ఉన్న అందరినీ వెతకాలి. లాంకాస్టర్ రకం బాంబర్‌లో మామూలుగా ఏడుగురు, బ్లెన్‌హైమ్ రకంలో ముగ్గురు ఉండేవారు.

ముందు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి, ఉచితమే. ర్యాంకు, సర్వీసు నంబరు, స్క్వాడ్రన్ (విమానదళం), మరణించిన తేదీ, సమాధి చోటు రాసుకోండి. ఐరోపా మీద చనిపోయి సమాధి దొరకనివాళ్ల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకంపై ఉంటాయి, 20,000కు పైగానే. బర్మా వైపు చనిపోయినవాళ్లయితే సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం చూడాలి. సార్జెంటుగా చేరి తర్వాత ఆఫీసరైనవాళ్లకు నంబరు మారేది. పాత కాగితంలో వేరే నంబరు కనిపించగానే వేరే మనిషి అనుకోకండి.

అదే స్క్వాడ్రన్, అదే తేదీతో మళ్లీ వెతికితే తోటివాళ్లు బయటపడతారు. ఉమ్మడి సమాధి అని ఉంటే దేహాలను విడివిడిగా గుర్తించలేకపోయారని అర్థం.

ఇక అసలు ఆధారం స్క్వాడ్రన్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్. లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో దొరుకుతుంది. ఫారం 540లో రోజువారీ సారాంశం, ఫారం 541లో ఒక్కో విమానం నంబరు, సిబ్బంది, బయల్దేరిన వేళ. 1918లో నిజాం ఇచ్చిన విమానాల వల్ల హైదరాబాద్ పేరు పెట్టుకున్న 110వ స్క్వాడ్రన్ పుస్తకాలూ ఈ వరుసలోవే. 1939 సెప్టెంబరు 4న జర్మనీ రేవు విల్‌హెల్మ్స్‌హేవెన్‌పై దాడికి దాని బ్లెన్‌హైమ్‌లు వెళ్లాయి.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గరే. రాత్రి దాడికి పుస్తకంలో బయల్దేరిన తేదీ వేస్తారు, సమాధిపై మర్నాటి తేదీ ఉండొచ్చు. కాబట్టి ముందురోజు పేజీ కూడా చూడండి. విమానం నంబర్లలో టైపు తప్పులు మామూలే, ఇంకో రికార్డుతో సరిపోల్చుకోండి.

సిబ్బందిలో ఆస్ట్రేలియన్ ఒక్కడున్నా మీ పని చాలా తేలికవుతుంది. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఎ705 వరుస ఫైళ్లు చాలావరకు ఇంటి నుంచే చదవొచ్చు. బతికి బయటపడ్డవాళ్ల వాంగ్మూలాలు, యుద్ధం తర్వాత కూలిన చోటికి వెళ్లి విచారించిన అధికారుల నివేదికలు వాటిలో ఉంటాయి. ఇలాంటి బ్రిటిష్ ఫైళ్లు క్యూలోనే ఎయిర్ 81 వరుసలో ఉంటాయి.

ఈ ఫైళ్లలో దేహాల స్థితి గురించి దాచకుండా రాసి ఉంటుంది. ఆ కుటుంబానికి పంపేముందు ప్రతి పేజీ మీరు చదవండి. అలాంటి పేజీలు పక్కన తీసిపెట్టి, వాళ్లు కావాలంటేనే ఇవ్వండి.