వైజాగ్ ఉప్పు గాలిలో కారుకి సైడ్ స్కర్టులు నీటుగా బిగించుకోవడం

సైడ్ స్కర్ట్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యలో, డోర్ల కింద ఉండే పొడవాటి ప్యానెల్. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వెళ్తే బయట కొని బిగించుకున్న స్కర్టులతో కార్లు కనిపిస్తాయి. దూరం నుంచి అన్నీ బాగుంటాయి, సిగ్నల్ దగ్గర పక్కన ఆగినప్పుడు చూడండి, డోర్ కింద సందు ముందువైపు వేలు పట్టేంత ఉండి వెనకకి వచ్చేసరికి మూసుకుపోయి ఉంటుంది, స్క్రూల చుట్టూ తుప్పు మరకలు కిందికి జారి ఉంటాయి. ఇందులో స్కర్ట్ తప్పేమీ లేదు, బిగించిన తీరులోనే ఉంది తప్పు. సందు సమానంగా రావాలంటే ఒక్క స్క్రూ కూడా పెట్టకముందే ఓపిగ్గా అమర్చి చూసుకోవాలి. తుప్పు రాకూడదంటే, సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో బాడీకి పెట్టే ప్రతి రంధ్రాన్నీ గాయంలా చూసి వెంటనే మందు వేయాలి.

కొనేటప్పుడు మెటీరియల్ ఏంటో అడగండి. ఏబీఎస్ ప్లాస్టిక్ తేలిక, ఫిటింగ్ బాగా వస్తుంది, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. పాలీయూరిథేన్ వంగుతుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్లకి తట్టుకుంటుంది, కానీ పార్సిల్‌లో వంకర తిరిగి వస్తుంది. దాన్ని చదునైన నేల మీద పరిచి కాసేపు ఎండ తగలనిస్తే మెత్తబడి దారికొస్తుంది. ఫైబర్ గ్లాస్ చవక, అయితే అచ్చు సరిగ్గా లేకపోతే అంచులు రుద్దీ పుట్టీ పెట్టీ సరిచేసే పనే ఎక్కువ, రుద్దేటప్పుడు మాస్కూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. కార్బన్ ఫైబర్ అయితే పెయింటు లేని లోహాన్ని నేరుగా తాకనివ్వకండి, ఉప్పు తడి తోడైతే ఆ లోహం చాలా తొందరగా తినేసుకుపోతుంది. వీటిలో రోజువారీ బండికి నేనైతే ఏబీఎస్ గానీ పాలీయూరిథేన్ గానీ తీసుకోమంటాను. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దిగి ఎక్కే కారుకి ఫైబర్ గ్లాస్ ఎక్కువ కాలం మిగలదు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకని బాడీ వెడల్పు దాటి బయటికి పొడుచుకొచ్చే డిజైన్లు వద్దు. కొనేముందు ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పి రాయించుకోండి.

ఇక అసలు పని. కారుని కడిగి, సిల్ (డోర్ల కింద ఉండే బాడీ లోహపు పట్టీ) కింద ఉన్న మట్టీ తారూ పూర్తిగా తీసేయండి. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ల బండి మీద పోర్టు బొగ్గు దుమ్ము జిడ్డుగా పట్టి ఉంటుంది, అది షాంపూతో పోదు, జిడ్డు తీసే డీగ్రీజర్ వాడాలి. తర్వాత స్కర్ట్‌ని మాస్కింగ్ టేపుతో మాత్రమే నిలబెట్టండి. ఈ దశలో కారు నాలుగు చక్రాల మీదే నేల మీద ఉండాలి, జాకీ మీద ఉంటే చక్రాలు కిందికి వేలాడతాయి కాబట్టి ఆర్చ్ (చక్రం పైన ఉండే బాడీ వంపు) దగ్గర ఖాళీ అసలు ఎంతో తెలీదు. కొలతలు నేల నుంచి తీసుకోకండి, మన వీధుల్లో సగం ఏటవాలే, డోర్ కింది అంచు నుంచే తీసుకోండి. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా సందు ఒకేలా ఉందా, డోర్ పూర్తిగా తెరిచినప్పుడు ఎక్కడైనా తగులుతోందా, స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పితే ముందు టైరు స్కర్ట్ కొసని గీస్తోందా, ఇవన్నీ ఇప్పుడే తేలాలి. తేడా ఉంటే స్కర్ట్‌ని కొంచెం కొంచెంగా రుద్దండి, కారుని కాదు. కుదిరాక అంచు వెంట బాడీ మీద టేపు గీత వేసి పెట్టుకోండి, రెండో వైపు అవే కొలతలు దింపడానికి అట్టముక్క కత్తిరించుకుంటే చాలు.

రంధ్రాలు గుర్తు పెట్టేముందు ఒకసారి కింద పడుకుని టార్చి వేసి చూడండి. సిల్ అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అవి లోపలికి చేరిన నీళ్లు బయటికి పోవడానికి. స్కర్ట్‌తో గానీ సీలెంట్‌తో గానీ వాటిని మూశారంటే అక్టోబరు, నవంబరు తుఫాను వానల నీళ్లు సిల్ లోపలే నిలిచి లోపలి నుంచి తింటాయి, బయటికి కనబడేసరికి వెల్డింగ్ తప్ప దారి ఉండదు. పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు, వైర్లు కూడా చాలా కార్లలో సిల్ పక్కనుంచే పోతాయి, అవి ఎక్కడున్నాయో తెలిశాకే డ్రిల్ పట్టుకోండి, బిట్ చుట్టూ టేపు చుట్టుకుంటే అవసరానికి మించి లోపలికి దిగదు. ఎలక్ట్రిక్ కారైతే సిల్‌కి అసలు డ్రిల్ వేయకండి, పక్కనే బ్యాటరీ ఉంటుంది. జాకీ పాయింట్ల (కారు లేపడానికి జాకీ ఆనించే చోట్లు) దగ్గర స్కర్ట్ అడ్డం రాకుండా అక్కడ కోసి ఖాళీ వదలాలి.

వీలైనంతవరకు కంపెనీ పెట్టిన క్లిప్పు రంధ్రాలూ వీల్ లైనర్ (చక్రం పైన లోపలివైపు ఉండే ప్లాస్టిక్ కవరు) స్క్రూలే వాడుకోండి. కొత్తవి తప్పదంటే కింద వైపు, కంటికి కనబడని చోట మాత్రమే. స్కర్ట్‌కి రంధ్రాలు పెట్టేటప్పుడు మధ్యది స్క్రూకి సరిపోయేంత, మిగతావన్నీ పొడుగ్గా ఉండాలి. ఎందుకంటే ఏబీఎస్ ఎండకి ఉక్కు కంటే ఆరేడు రెట్లు ఎక్కువ సాగుతుంది, 1.7 మీటర్ల స్కర్ట్ నీడలోంచి మే నెల ఎండలోకి వచ్చేసరికి బాడీ కంటే 3-4 మిల్లీమీటర్లు అదనంగా పెరుగుతుంది. రెండు చివర్లా బిగబట్టేస్తే ఆ పెరిగింది పోవడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది. బీచ్ రోడ్డులో కనబడే అలలు తిరిగిన స్కర్టుల్లో చాలావాటి కథ ఇదే.

బాడీకి రంధ్రం పెట్టగానే అంచు నునుపు చేసి, యాంటీ రస్ట్ ప్రైమర్ పూసి ఆరనివ్వండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్ 316 గ్రేడ్ అయితే మంచిది, అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి 304 కంటే బాగా ఆగుతుంది. గాజువాక ఆటోనగర్‌లో అడిగి చూడండి, అక్కడ లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, దొరికిన ఇనుప స్క్రూతో మాత్రం సరిపెట్టుకోవద్దు. స్క్రూ మెడకి కొంచెం సీలెంట్ రాసి బిగించాలి, కింద ప్లాస్టిక్ వాషర్ ఉండాలి.

పెయింటింగ్ ఎప్పుడూ రంధ్రాలూ రుద్దుడూ అంతా అయ్యాకే. కారు పెయింట్ కోడ్ ఇచ్చి కలిపించండి, మెటాలిక్ రంగైతే స్కర్ట్‌ని కారు మీద ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టి స్ప్రే చేయమనండి, పడుకోబెట్టి కొడితే మెరుపు వేరేగా పడి రంగు కలవనట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కి అడ్హెషన్ ప్రమోటర్ (పెయింటు పట్టేలా ముందు కొట్టే పూత), పాలీయూరిథేన్‌కి ఫ్లెక్స్ యాడిటివ్ (పెయింటు వంగేలా అందులో కలిపేది) లేకుండా కొడితే పెయింటు పొరలుగా లేస్తుంది. రంగు సరిగ్గా కలుస్తుందన్న నమ్మకం లేకపోతే గ్లాసీ బ్లాక్ (నిగనిగలాడే నలుపు) కొట్టించండి, చాలా కార్లకి అదే అందంగా ఉంటుంది. పెయింటు తర్వాత కనీసం ఒక వారం ఆరనివ్వాలి, పచ్చి పెయింటు మీద టేపు నిలవదు.

పై అంచు బాడీకి అంటుకుని ఉండటానికి వీహెచ్‌బీ టేపు (రెండు వైపులా గట్టిగా అంటుకునే ఫోమ్ టేపు) వాడతాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి రెండు వైపులా తుడిచి, ఆరాక టేపు ప్రైమర్ (టేపు బాగా పట్టడానికి రాసే ద్రవం) రాసి టేపు వేయాలి. తెల్లవారుజామున మంచు తడిలో వద్దు, మిట్టమధ్యాహ్నం రేకు కాలిపోతున్నప్పుడూ వద్దు, షెడ్డులో పదిన్నర పదకొండు మంచి టైం. టేపు మీది కాగితం మొత్తం ఒకేసారి పీకేయకుండా కొసలు బయటికి మడిచి ఉంచి, ముందు మధ్య స్క్రూ బిగించి, గీతకి సరిగ్గా ఉందని చూసుకుని, అప్పుడు కాగితం లాగుతూ మధ్య నుంచి చివరలకి గట్టిగా నొక్కుతూ వెళ్లండి. ఇంకో మనిషి పట్టుకోకుండా ఇది అయ్యే పని కాదు. 20 నిమిషాలకి టేపు సగం పట్టు పడుతుంది, ఒక రోజుకి 90 శాతం, పూర్తిగా పట్టడానికి 72 గంటలు. ఆ మూడు రోజులూ ప్రెషర్ వాష్ వద్దు, భీమిలి దాకా స్పీడుగా ఒక రౌండ్ వేసి రావాలనిపించినా ఆగండి. డోర్‌కి గానీ ముందు ఫెండర్‌కి గానీ గమ్ముతో అతికించేయకండి, రేపు చిన్న దెబ్బ తగిలి ఫెండర్ విప్పాల్సి వస్తే రెండూ కలిసి పాడవుతాయి.

రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక స్క్రూలన్నీ ఒకసారి చేత్తో బిగించి చూడండి. వానాకాలానికి ముందు సిల్ లోపల కేవిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపలి ఖాళీల్లో కొట్టే మైనం) కొట్టించి, అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో సన్నటి ప్లాస్టిక్ టై దూర్చి శుభ్రం చేయండి. పంక్చర్ షాపుకి వెళ్లినప్పుడు బండి దిగి పక్కనే నిలబడండి, స్కర్ట్ కింద జాకీ పెట్టేస్తే ఇంత పనీ ఒక్క నిమిషంలో విరిగిపోతుంది. జాకీ పాయింట్ ఉన్న చోట స్కర్ట్ అడుగున చిన్న స్టిక్కర్ అంటించి, డిక్కీలో ఒక రబ్బరు ప్యాడ్ వేసి ఉంచుకుంటే ఎవరికైనా చూపించి చెప్పడం తేలిక.